39 దగ్గర ఆగిపోయిన ఆంటీ, 2,300 డాలర్ల గీత: ఎలక్షన్ వర్కర్ జీతం మీద ఒక కేస్ స్టడీ

అమెరికాలో పేరోల్ (అంటే జీతాల లెక్కలు), టాక్స్ పని చేయడం మొదలుపెట్టి పదిహేడేళ్ళు అయింది, నా క్లయింట్లలో సగం పైగా మనవాళ్ళే. ఈ కేసు 2025 ఫిబ్రవరిలో నా దగ్గరకి వచ్చింది. ఎవరూ గుర్తుపట్టకూడదని చిన్న చిన్న వివరాలు మార్చాను, కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు, రాష్ట్రం పేరు చెప్పట్లేదు. ఎలక్షన్ వర్కర్ల జీతం మీద సోషల్ సెక్యూరిటీ టాక్స్ ఎప్పుడు కట్ అవుతుందన్న రూల్ మాత్రం ఎలా పనిచేసిందో అలాగే రాస్తున్నా, ఎందుకంటే సిటిజెన్ అయి పోలింగ్ బూత్‌లో పనిచేస్తున్న మన అమ్మానాన్నల వయసు వాళ్ళు ఇప్పుడు చాలామంది కనిపిస్తున్నారు, ఈ లెక్క వాళ్ళకి ఎవరూ చెప్పట్లేదు.

నా క్లయింట్ ఒకతను ఏటా వచ్చినట్టే తన టాక్స్ కాగితాలు తెచ్చాడు, వాటితో పాటు వాళ్ళమ్మగారిది కూడా ఒక డబ్ల్యూ-2, అంటే ఏడాది జీతం, కట్ అయిన టాక్స్ చూపించే కాగితం తెచ్చాడు. ఆవిడకి 71 ఏళ్ళు, తెనాలి దగ్గర గవర్నమెంట్ స్కూల్లో టీచర్‌గా చేసి రిటైర్ అయ్యి ఇక్కడికి వచ్చారు, అంకుల్ ఇండియాలోనే పోయారు, ఇక్కడ ఎప్పుడూ పని చెయ్యలేదు. ఆంటీ మాత్రం ఊరికే కూర్చోలేదు, దాదాపు పదేళ్ళు ఒక డేకేర్‌లో, తర్వాత ఒక ఇండియన్ గ్రోసరీలో పార్ట్ టైం చేశారు. మోకాళ్ళు అరిగిపోయి నిలబడలేక మానేశారు. మానేసిన ఏడాది మధ్యలోనే ఆపేయడంతో నాలుగు క్రెడిట్లు రావాల్సిన చోట మూడే వచ్చాయి. అక్కడ లెక్క 39 దగ్గర ఆగిపోయింది.

39 అంటే ఏంటో తెలియనివాళ్ళ కోసం చెప్తా. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ పెన్షన్ రావాలన్నా, 65 దాటాక మెడికేర్ పార్ట్ ఏ అంటే హాస్పిటల్ ఇన్సూరెన్స్ ఫ్రీగా రావాలన్నా సాధారణంగా 40 క్రెడిట్లు ఉండాలి. ఏడాదికి మహా అయితే నాలుగు వస్తాయి. 2024లో ఒక్క క్రెడిట్‌కి 1,730 డాలర్ల సంపాదన కావాలి, అదీ సోషల్ సెక్యూరిటీ టాక్స్ కట్ అయిన సంపాదన అయితేనే. భర్తకో భార్యకో 40 ఉంటే వాళ్ళ మీద కూడా పార్ట్ ఏ వస్తుంది, ఆంటీకి ఆ దారి లేదు. ఇండియాలో ముప్పై ఏళ్ళ టీచర్ ఉద్యోగం ఇక్కడ లెక్కలోకి రాదు, ఇండియాకి అమెరికాకి మధ్య టోటలైజేషన్ ఒప్పందం, అంటే రెండు దేశాల్లో చేసిన ఉద్యోగాన్ని కలిపి లెక్కపెట్టే ఒప్పందం లేదు కాబట్టి. చాలా యూరప్ దేశాలతో, జపాన్, కొరియాలతో ఉంది, మనతో లేదు. ఇది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

30 నుంచి 39 క్రెడిట్లు ఉన్నవాళ్ళు పార్ట్ ఏ కొనుక్కోవచ్చు, 2024లో నెలకి 278 డాలర్లు, 2025లో 285. 30 కూడా లేకపోతే 2025లో 518. ఆంటీ తరఫున కొడుకు నెలనెలా అది కడుతున్నాడు. ఒక్క క్రెడిట్ తక్కువైనందుకు ఏడాదికి మూడు వేల పైన. తన చిన్న కంపెనీలో అమ్మని పేరుకి ఉద్యోగంలో చూపించి ఆ ఒక్క క్రెడిట్ తెప్పించుకోవచ్చా అని అంతకుముందు ఏడాది నన్ను అడిగాడు కూడా. చెయ్యని పనిని చూపించకూడదు, ఆ మాట మళ్ళీ ఎత్తొద్దు అని చెప్పేశా.

ఇక ఎలక్షన్ సంగతి. 2024 ప్రెసిడెంట్ ఎన్నికల సంవత్సరం, కౌంటీ వాళ్ళకి మనుషులు కావాలి, గుడిలో ఎవరో చెప్తే ఆంటీ పేరిచ్చారు. ఆవిడకి ఈ పని కొత్త కాదు, గుంటూరు జిల్లాలో ఎన్నోసార్లు ఎలక్షన్ డ్యూటీ చేశారు, బ్యాలెట్ పెట్టెలు సీల్ వేసి రిసెప్షన్ సెంటర్‌లో అప్పజెప్పే దాకా రాత్రంతా మేలుకున్న మనిషి. అక్కడైతే డ్యూటీ వేసేది ఎక్కువగా గవర్నమెంట్ ఉద్యోగులకే, జీతం, పెన్షన్ వాళ్ళకి ముందునుంచే ఉంటాయి, ఎలక్షన్ డబ్బులు పైన ఇచ్చేవి. ఇక్కడ అలా కాదు, మామూలు జనాన్ని రెండు మూడు రోజులకి పెట్టుకుంటారు, అందుకే వాళ్ళకోసం వేరే రూల్ పెట్టాల్సొచ్చింది.

ఆ రూల్ కథ కొంచెం పాతది. 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చినప్పుడు స్టేట్, లోకల్ గవర్నమెంట్ ఉద్యోగులు అందులో లేరు. 1950 సవరణలతో సెక్షన్ 218 వచ్చింది, అంటే ఏ స్టేట్‌కి ఆ స్టేట్ ఫెడరల్ గవర్నమెంట్‌తో ఒప్పందం రాసుకుని తన ఉద్యోగుల్ని చేర్చుకోవచ్చు. ఇక 1991 జూలై 2 నుంచి, ఆ ఒప్పందం కిందా లేని, గవర్నమెంట్ రిటైర్‌మెంట్ సిస్టమ్‌లోనూ లేని లోకల్ గవర్నమెంట్ ఉద్యోగులకి సోషల్ సెక్యూరిటీ తప్పనిసరి చేశారు, కానీ కొన్ని మినహాయింపులు ఉంచారు, వాటిలో ఒకటి తక్కువ డబ్బులు తీసుకునే ఎలక్షన్ వర్కర్లది. నూట ఎనభై డాలర్లకి ఒక రోజు పనిచేసిన మనిషి కోసం కౌంటీ టాక్స్ లెక్కలు కట్టడం ఎందుకు, ఆ మనిషికి అంత చిన్న మొత్తంతో పెన్షన్‌లో వచ్చేదేముంది అన్నది దాని వెనక ఆలోచన. 1968 నుంచి ఈ మినహాయింపు క్వార్టర్‌కి 50 డాలర్ల లోపు, 1978 నుంచి ఏడాదికి 100 లోపు, 1995లో ఒకేసారి 1,000 చేశారు, 2000 నుంచి దేశంలో సగటు వేతనాలు పెరిగేకొద్దీ వందల లెక్కన పెంచుకుంటూ వస్తున్నారు. 2023లో 2,200, 2024లో 2,300, 2025లో 2,400.

ఇక్కడ అందరూ పొరపాటు పడే మాట ఒకటుంది. 2024లో ఉన్న ఈ 2,300 గీత దాటితే దాటిన దాని మీదే టాక్స్ అనుకుంటారు. కాదు. ఏడాది మొత్తం 2,300 కన్నా తక్కువ అయితే సున్నా, 2,300 తగిలిందా, మొదటి డాలర్ నుంచి మొత్తం మీద పడుతుంది. ఉద్యోగి నుంచి 6.2 శాతం సోషల్ సెక్యూరిటీకి, 1.45 శాతం మెడికేర్‌కి, కౌంటీ కూడా తన వైపు నుంచి సరిగ్గా అంతే. మెట్టు కాదిది, గోడ. ఇంకోటి, ఇన్‌కం టాక్స్ దీనికి సంబంధం లేనిది. సోషల్ సెక్యూరిటీ కట్ కాకపోయినా ఆ డబ్బు ఆదాయమే, రిటర్న్‌లో చూపించాల్సిందే, కాకపోతే కౌంటీ ముందుగా ఇన్‌కం టాక్స్ పట్టుకోనక్కర్లేదు.

ఆంటీ డబ్ల్యూ-2 చూస్తే మొదటి బాక్స్‌లో 2,222 డాలర్లు, సోషల్ సెక్యూరిటీ జీతం చూపించే మూడో బాక్స్, మెడికేర్ జీతం చూపించే అయిదో బాక్స్ ఖాళీ. అంటే గీత కింద 78 డాలర్లు, మినహాయింపు వర్తించింది, క్రెడిట్ లేదు. కొడుకు దాన్ని నా ముందు పెట్టి "ఏం కట్ అవలేదండీ, మంచిదే కదా" అన్నాడు. నేను మాత్రం ఆ అంకె దగ్గర ఆగిపోయా. గీతకి అంత దగ్గర ఉన్నప్పుడు విడివిడి చెల్లింపులు చూడకుండా నేను ముందుకెళ్ళను, పేరోల్ పనిలో ఇది నా అలవాటు.

స్టబ్‌లు, అంటే ప్రతి చెల్లింపుతో వచ్చే జీతం స్లిప్పులు ఉన్నాయా అని అడిగితే సగం లేవు. మర్నాడు ఆంటీయే వచ్చారు, చేతిలో చుట్టిన గోడ క్యాలెండర్. గుడివాళ్ళు ఇచ్చిన తెలుగు క్యాలెండర్ అది, తిథి, నక్షత్రం, రాహుకాలం ఉన్న గడిలోనే మూల నుంచి నీలం పెన్నుతో "9 గం." అని, కింద "కారు 10" అని చక్కటి టీచరమ్మ దస్తూరీతో రాసుకున్నారు. అక్టోబర్ చివర్లో, నవంబర్ మొదట్లో అలాంటి గడులు పన్నెండు, పోలింగ్ రోజుకి ముందే ఓట్లు వేయించే ఎర్లీ ఓటింగ్ రోజులవి. "ఈ కారు 10 ఏంటి ఆంటీ?" అన్నా. "ఎర్లీ ఓటింగ్ సెంటర్ దూరం తల్లీ, అబ్బాయి దింపేవాడు, వెళ్ళిన రోజుకి పది డాలర్లు అదనంగా ఇచ్చారు అందరికీ" అన్నారు. "మైళ్ళు రాసిచ్చారా, ఏమన్నా ఫారం నింపారా?" "లేదమ్మా, వస్తే పది, అంతే."

కేసు మొత్తం ఆ గడిలోనే ఉంది.

క్యాలెండర్, బ్యాంక్ స్టేట్‌మెంట్, దొరికిన స్టబ్‌లు పక్కపక్కన పెట్టి లెక్క కట్టాం. మార్చిలో ట్రైనింగ్‌కి 40, పోలింగ్ రోజుకి 180. మే నెలలో పోలింగ్ రోజుకి 180, సామాన్ల పెట్టె తిరిగి అప్పజెప్పినందుకు 25. నవంబర్ ఎన్నికకి ట్రైనింగ్ 40, ఎర్లీ ఓటింగ్ పన్నెండు రోజులు రోజుకి తొమ్మిది గంటలు గంటకి 14 చొప్పున 1,512, అసలు పోలింగ్ రోజుకి 220, పెట్టెకి మళ్ళీ 25. ఇదంతా కలిపితే 2,222, డబ్ల్యూ-2లో ఉన్నది అదే. పైన పన్నెండు రోజుల కారు డబ్బులు 120 విడిగా వచ్చాయి, కౌంటీ పుస్తకాల్లో వాటిని మైలేజ్ రీయింబర్స్‌మెంట్ కింద వేరే కోడ్‌లో వేశారు కాబట్టి జీతం లెక్కలోకి రాలేదు. కలిపితే 2,342.

మైలేజ్ ఇస్తే జీతం కాదు కదా అంటారు. నిజమే, కానీ దానికి షరతులున్నాయి. పని మీద తిరిగిన మైళ్ళు అయ్యుండాలి, లెక్క రాసి ఇవ్వాలి, ఎక్కువ ఇస్తే వెనక్కి ఇచ్చెయ్యాలి. దాన్ని అకౌంటబుల్ ప్లాన్ అంటారు. ఇక్కడ ఇంటి నుంచి బూత్‌కి వెళ్ళడం అసలు పని మీద ప్రయాణమే కాదు, ఉద్యోగానికి వెళ్ళడం, పైగా లెక్క అడగలేదు, పక్క వీధి నుంచి నడిచొచ్చినవాళ్ళకీ పదే. అలా ఇచ్చిన డబ్బుకి మైలేజ్ అని పేరు పెట్టినా అది జీతమే. అంటే ఆంటీ గీత దాటారు, 42 డాలర్లు పైన.

కొడుకు మొహం వెలిగిపోయింది, కానీ నేను ఒకటి ముందే చెప్పా, ఇది మనం కోరుకుంటే వచ్చేది కాదు, వద్దంటే పోయేది కాదు. "మా అమ్మకి కావాలి, కట్ చెయ్యండి" అని కౌంటీని అడగడానికి లేదు, ఈ మినహాయింపులో ఛాయిస్ లేదు. వాస్తవం గీత పైన ఉంటే టాక్స్ కట్టాల్సిందే, కింద ఉంటే కట్టడానికి వీల్లేదు. మనం చూపించాల్సింది వాస్తవం ఒక్కటే.

ముందుగా చేసుకోవాల్సిన ఇంకో పని కూడా ఉంది, అది పైన చెప్పిన సెక్షన్ 218 కింద స్టేట్ రాసుకున్న ఒప్పందం చూడటం. ఈ 2,300 గీత అన్ని చోట్లా ఒకేలా ఉండదు. కొన్ని ఒప్పందాల్లో ఎలక్షన్ వర్కర్లకి మినహాయింపే రాసుకోలేదు, అక్కడ కవర్ అయిన పోస్టుల్లో మొదటి డాలర్ నుంచే కట్ అవుతుంది. కొన్నిటిలో పాత 50, 100 డాలర్ల అంకెలు అలాగే ఉండిపోయాయి, మార్చుకోవాలంటే స్టేట్ సవరణ పెట్టుకోవాలి. ప్రతి స్టేట్‌కీ ఒక స్టేట్ సోషల్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేటర్ ఉంటారు, ఆ ఆఫీసుకి ఒక మెయిల్ పెడితే చెప్తారు. నేను పెట్టాను, ఈ స్టేట్‌లో ఏటా మారే ఫెడరల్ అంకెనే పాటిస్తున్నాం అని నాలుగో రోజు జవాబొచ్చింది. ఈ మెయిల్ లేకుండా కౌంటీ దగ్గరికి వెళ్తే మాట నిలబడదు.

కౌంటీ ఫైనాన్స్‌లో ఫోన్ ఎత్తినావిడ మంచిగానే మాట్లాడారు, కానీ మొదటి మాట "ఎలక్షన్ వర్కర్లకి సోషల్ సెక్యూరిటీ ఉండదు". ఎన్నో ఏళ్ళుగా అలాగే నడిచింది, ఎందుకంటే మామూలు సంవత్సరాల్లో ఒకటి రెండు రోజులు పనిచేసేవాళ్ళు ఎవరూ గీత దగ్గరకి కూడా రారు. ఎర్లీ ఓటింగ్ పెరిగాక, ఒకే మనిషి పన్నెండు రోజులు పనిచేయడం మొదలయ్యాక లెక్క మారిపోయింది, అలవాటు మాత్రం మారలేదు. రెండో వాదన, ఎర్లీ ఓటింగ్ వాళ్ళు టెంపరరీ స్టాఫ్ అనీ, పోలింగ్ రోజు వాళ్ళు ఎలక్షన్ వర్కర్లు అనీ, రెండూ వేరు వేరుగా చూడాలనీ. అది కుదరదు. బ్యాలెట్ క్లర్క్ అనండి, చెకర్ అనండి, పోలింగ్ మేనేజర్ అనండి, పోలింగ్ చోట ఎన్నిక పని చేసేవాళ్ళంతా ఎలక్షన్ వర్కర్లే, ఒకే ఎంప్లాయర్ ఏడాదిలో ఇచ్చినదంతా ఒకే కుప్పలో పోయాలి. ఇదే రూల్‌కి ఇంకో వైపు కూడా ఉంది, కౌంటీ దగ్గర 1,400, పక్కన సిటీ ఎన్నికలకి సిటీ గవర్నమెంట్ దగ్గర ఇంకో 1,400 తీసుకున్న మనిషికి 2,800 వచ్చినా రెండు చోట్లా మినహాయింపే, ఎందుకంటే ఎంప్లాయర్లు ఇద్దరు.

రెండు వారాల తర్వాత వాళ్ళ ఆఫీసులో కూర్చుని లిస్ట్ మొత్తం చూశాం, నన్ను రమ్మని వాళ్ళే అడిగారు, అందుకు వాళ్ళని మెచ్చుకోవాలి. కారు డబ్బులు కలిపితే ఆంటీతో పాటు ఇంకో పదిమంది గీత దాటారు. అప్పుడు అక్కడొకాయన ఒక ఐడియా చెప్పారు, ఇకనుంచి 2,000 దాటినవాళ్ళకి డ్యూటీ వెయ్యకుండా ఉంటే ఈ గొడవే ఉండదు కదా అని. నేను గట్టిగా వద్దన్నా. పన్నెండు రోజులు నిలబడి పనిచేసేవాళ్ళే మీకు బాగా పని వచ్చినవాళ్ళు, కొత్తగా వచ్చిన ఓటరు ఐడీ దగ్గర తడబడితే ఓపిగ్గా చెప్పేది వాళ్ళు, మనిషికి 180 డాలర్ల చొప్పున పడే కౌంటీ వాటా టాక్స్ తప్పించుకోవడానికి వాళ్ళని ఇంటికి పంపిస్తే నష్టం ఎన్నికకే. దానికి బదులు స్ప్రెడ్‌షీట్‌లో ఒక్క కాలమ్ పెంచండి, మనిషి పేరు ఎదురుగా ట్రైనింగ్, పెట్టె, కారు అన్నీ కలిపి ఏడాది మొత్తం కనబడాలి, సెప్టెంబర్‌లో దాటేలా ఉన్నారనిపిస్తే అప్పటినుంచే కట్ చెయ్యండి, చివర్లో ఒకేసారి అడగక్కర్లేదు అన్నా. ఆ కాలమ్ పెట్టారు.

సవరణ పని చెప్పుకోవడానికి పెద్దగా లేదు. కౌంటీ పాత పేరోల్ టాక్స్ లెక్క సరిచేసే 941-ఎక్స్ ఫారం ఫైల్ చేసి తన వాటా, ఉద్యోగుల వాటా కట్టింది, అందరికీ డబ్ల్యూ-2సీ, అంటే సరిచేసిన డబ్ల్యూ-2 పంపింది. ఆంటీది మొదటి, మూడో, అయిదో బాక్సుల్లో 2,342 అయింది, నాలుగో బాక్స్‌లో సోషల్ సెక్యూరిటీ టాక్స్ 145.20, ఆరో బాక్స్‌లో మెడికేర్ టాక్స్ 33.96. మొత్తం 179.16, అది ఆంటీ కౌంటీకి తిరిగి కట్టాలి. ఉద్యోగి వాటా కూడా కౌంటీయే భరించొచ్చు, కానీ అప్పుడు ఆ భరించిన మొత్తం కూడా జీతం అవుతుంది, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది, వాళ్ళు అలా చెయ్యలేదు. ఆంటీ నా టేబుల్ దగ్గరే చెక్కు రాశారు. రాస్తూ "ఇంతేనా తల్లీ?" అని రెండుసార్లు అడిగారు. పెరిగిన 120 కూడా కలిపి ఆవిడ ఇన్‌కం టాక్స్ రిటర్న్ ఫైల్ చేశాను.

డబ్ల్యూ-2సీ వచ్చినంత మాత్రాన సోషల్ సెక్యూరిటీ రికార్డులో అంకె వెంటనే మారదు. ఆన్‌లైన్ అకౌంట్‌లో చూస్తూ ఉండాలి, రాకపోతే ఎర్నింగ్స్ సరిచేయమని ఫారం పెట్టుకోవాలి, దానికి గడువు కూడా ఉంది, సంపాదించిన సంవత్సరం అయిపోయాక మూడేళ్ళ మూడు నెలల పదిహేను రోజులు. ఈ గడువు తెలియక పాత ఏళ్ళ క్రెడిట్లు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను. మేం ఆగలేదు, జూన్‌లో ఆంటీని తీసుకుని కాగితాలతో సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకే వెళ్ళాం. కౌంటర్‌లో అమ్మాయి స్క్రీన్ తిప్పి చూపించింది, 2024 ఎదురుగా 2,342, క్రెడిట్ 1, మొత్తం 40. ఆంటీ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు. పార్ట్ ఏ ప్రీమియం నెలకి 285 ఆగిపోయింది, చిన్న మొత్తమే అయినా పెన్షన్‌కి కూడా అప్లై చేశాం.

ఆవిడకి 38 ఉండి ఉంటే ఇది సరిపోయేది కాదు, రెండు క్రెడిట్లకి 2024లో 3,460 కావాలి. అందుకే ఇంట్లో పెద్దవాళ్ళు ఎలక్షన్ పనికి పేరిస్తుంటే ముందు వాళ్ళ సోషల్ సెక్యూరిటీ అకౌంట్ తెరిచి ఎన్ని క్రెడిట్లున్నాయో చూడమని ఇప్పుడు అందరికీ చెప్తున్నా. 36, 37, 38, 39 దగ్గర ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉపకారం కాదు, అడ్డం. 40 దాటినవాళ్ళకీ, 15 దగ్గర ఉండి ఎప్పటికీ 40కి రానివాళ్ళకీ మాత్రం అది ఉపకారమే.

ఆ పదిమందిలో ఒకాయన నాకు ఫోన్ చేశారు. తెలుగాయన కాదు, 78 ఏళ్ళ రిటైర్డ్ పోస్ట్‌మాన్, అప్పటికే పెన్షన్, మెడికేర్ రెండూ ఉన్నాయి. ఉన్నట్టుండి కౌంటీ నుంచి 181 డాలర్లు కట్టమని ఉత్తరం వచ్చింది, కోపంగా ఉన్నారు, కోపం న్యాయమే. ఆయనకి ఈ టాక్స్ వల్ల ఒక్క సెంటు తిరిగి రాదు, పెన్షన్ లెక్క బాగా సంపాదించిన 35 ఏళ్ళ మీద కడతారు, ఈ రెండు వేల చిల్లర దాన్ని కదిలించదు. ఎంత వయసొచ్చినా కవర్ అయిన జీతం మీద ఈ టాక్స్ ఆగదని చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు, వచ్చేసారి ఒక రోజు ముందే ఆపేస్తే తప్పా అని. తప్పేం లేదండి, ఎన్ని రోజులు చెయ్యాలన్నది మీ ఇష్టం, కానీ నవంబర్‌లో కాదు, షెడ్యూల్ వేసే ముందు ఆగస్టులోనే చెప్పండి, ఆ రోజుకి వాళ్ళు ఇంకో మనిషిని వెతుక్కోవాలి అన్నాను.